అన్నీ వయసు మీద వేయకండి: అరవై దాటాక ఒంటి కాపలా ఎలా మారుతుంది?



ఎర్రగడ్డ, బోరబండ, మోతీనగర్, సనత్‌నగర్ ప్రాంతాల లబ్ధిదారుల కోసం ఈ పీడీఎఫ్ తయారు చేశాం. పింఛను సంగతులు మీకు మా కన్నా బాగా తెలుసు. 2014 నవంబరులో వెయ్యి రూపాయలతో మొదలైంది, 2019లో రూ.2,016 అయింది, 2022లో అర్హత వయసు 65 నుంచి 57కు దిగింది. అందుకే ఈసారి డబ్బు గురించి కాకుండా, ఆ డబ్బు తీసుకునే మనిషి ఒంటి గురించి మాట్లాడుకుందాం.

బస్తీల్లో పెద్దవాళ్లను పలకరిస్తే ఒకే మాట వినిపిస్తుంది. దగ్గు తగ్గడం లేదేమిటి అంటే వయసు మీద పడింది కదా అంటారు. అన్నం సయించకపోయినా వయసే. బరువు తగ్గినా, రెండు రోజులుగా మనిషి మత్తుగా పడి ఉన్నా వయసే. ఇందులో కొన్ని నిజంగానే వయసు వల్ల వచ్చేవి. జుట్టు నెరుస్తుంది, చూపు తగ్గుతుంది, మోకాళ్లు పట్టేస్తాయి. కానీ పైన చెప్పిన నాలుగూ వయసు లక్షణాలు కావు. వాటి వెనక చాలాసార్లు మందుతో తగ్గిపోయే జబ్బు ఉంటుంది. ఈ తేడా తెలియాలంటే వయసుతో పాటు మన రోగనిరోధక శక్తి ఎలా మారుతుందో కొంచెం తెలుసుకోవాలి. ఇది రాస్తున్న నేను చదివింది జర్నలిజం, వైద్యం కాదు. అందుకే డాక్టర్లు వాడే పెద్ద పెద్ద మాటలు పక్కన పెట్టి, వీలైనంత మామూలు మాటల్లో చెబుతాను.

పాత దొంగలను పట్టే పోలీసు

మన పేటలోని ఛాతీ ఆసుపత్రి రెండు పెద్ద అంటురోగాలను దగ్గర నుంచి చూసింది. మొదటిది 2009లో వచ్చిన స్వైన్ ఫ్లూ. మన దేశంలో మొదటి కేసు ఆ ఏడాది మే నెలలో హైదరాబాద్‌లోనే తేలింది. ఆ రోజుల్లో నగరంలో స్వైన్ ఫ్లూ వార్డు అంటే ఎర్రగడ్డే. రెండోది 2020లో వచ్చిన కరోనా. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక వింత కనిపిస్తుంది.

స్వైన్ ఫ్లూ ప్రపంచమంతటా పిల్లలకు, పడుచువాళ్లకు ఎక్కువగా అంటుకుంది. అరవై దాటినవాళ్లకు అంటుకోవడం తక్కువ. అంటుకున్న పెద్దవాళ్లకు ప్రమాదం ఉన్నమాట నిజమే కానీ, అసలు అంటుకున్నవాళ్ల సంఖ్యే తక్కువ. కరోనా అందుకు పూర్తిగా తలకిందులు. వయసు పెరిగేకొద్దీ ప్రాణం మీదికి తెచ్చింది. అందుకే 2021 మార్చి 1న జనానికి టీకాలు మొదలుపెట్టినప్పుడు 60 దాటినవాళ్లను, జబ్బులున్న 45 పైబడినవాళ్లను ముందు వరసలో నిలబెట్టారు.

ముసలి ఒళ్లు ఒకసారి గట్టిగా నిలబడి, ఇంకోసారి అంతలా ఎందుకు దెబ్బతింది? 2009 నాటి వైరస్ పోలికలు 1957కు ముందు లోకంలో తిరిగిన ఫ్లూ వైరస్‌లలో ఉన్నాయి. ఆ కాలంలో చిన్నపిల్లలుగా ఉన్నవాళ్ల ఒంటికి ఆ ముఖం ఎప్పుడో పరిచయం. యాభై, అరవై ఏళ్ల తర్వాత కూడా గుర్తుపట్టింది. మీలో ఇప్పుడు డెబ్బై దాటినవాళ్లు ఆ బ్యాచ్‌వాళ్లే. కరోనా మాత్రం ఎవరూ ఎప్పుడూ చూడని ముఖం.

ఒంట్లోని కాపలాదారులు తెల్ల రక్తకణాలు. వాటిలో కొన్ని పాత హెడ్ కానిస్టేబుల్ లాంటివి. తను ఒకసారి పట్టుకున్న దొంగ గడ్డం పెంచుకుని వచ్చినా నడక చూసి పట్టేస్తాడు. ఇంకొన్ని అప్పుడే శిక్షణ అయిన కొత్త కుర్రాళ్లు. ఏ కొత్త దొంగ వచ్చినా ఎదుర్కోవడానికి వీళ్లే కావాలి. ఈ కుర్రాళ్లలో ముఖ్యమైన ఒక రకానికి, డాక్టర్లు టీ కణాలు అంటారు, శిక్షణ ఇచ్చే చోటు మన రొమ్ము ఎముక వెనక, గుండెకు కాస్త పైన ఉంటుంది. దాని పేరు థైమస్ గ్రంథి. చిన్నతనంలో బాగా పని చేస్తుంది. యవ్వనం నుంచే చిక్కిపోవడం మొదలై, అరవై డెబ్బై ఏళ్లకు దాదాపు కొవ్వుగా మారిపోతుంది. అంటే పోలీసు స్టేషన్ ఉంటుంది, పాత సిబ్బంది ఉంటారు, కొత్త రిక్రూట్‌మెంట్ మాత్రం దాదాపు ఆగిపోతుంది.

కాబట్టి వయసు వస్తే రోగనిరోధక శక్తి పోతుంది అనడం సగం నిజమే. అనుభవం మిగులుతుంది, కొత్తదాన్ని నేర్చుకునే వేగం తగ్గుతుంది. టీకా అంటే కొత్త దొంగ ఫొటో ముందే చూపించడం లాంటిది. పెద్ద వయసులో ఆ ఫొటో ఒకసారి చూపిస్తే అంత గట్టిగా గుర్తుండదు. కరోనా బూస్టర్ డోసును 2022 జనవరిలో ముందుగా జబ్బులున్న 60 పైబడినవాళ్లకు, వైద్య సిబ్బందికి ఇవ్వడంలో ఈ లెక్క కూడా ఉంది.

జ్వరం రాకపోవడమే మోసం

ఇది అన్నిటికన్నా ముఖ్యమైన భాగం. మీ కొడుకులు, కోడళ్లు, కూతుళ్లు కూడా చదవాలి.

జ్వరం రోగం కాదు, అలారం. క్రిమి లోపలికి వచ్చిందని కాపలా కణాలు మోగించే గంట. వయసు పెరిగితే ఆ గంట చప్పుడు తగ్గిపోతుంది. పెద్దవాళ్లకు గట్టి ఇన్‌ఫెక్షన్ వచ్చినా నలుగురైదుగురిలో ఒకరికి జ్వరం రాదు, వచ్చినా వెచ్చబడినట్టు తెలియదు. పైగా వాళ్ల ఒంటి వేడి మామూలు రోజుల్లోనే కాస్త తక్కువగా ఉంటుంది. అందుకే పడుచువాళ్ల లెక్క వాళ్లకు పనికిరాదు. థర్మామీటర్‌లో 100 డిగ్రీల ఫారన్‌హీట్ దాటినా, 99 పైన మాటిమాటికీ చూపించినా, వాళ్ల మామూలు వేడి కన్నా 2 డిగ్రీలు పెరిగినా జ్వరం కిందే లెక్క. ఒంట్లో బాగున్న రోజున ఒకసారి చూసి, ఎంత ఉందో క్యాలెండర్ మీద రాసి పెట్టుకోండి. రేపు పోల్చుకోవడానికి ఉంటుంది.

మరి గంట మోగకపోతే దొంగ పడ్డట్టు ఎలా తెలుస్తుంది? వేరే గుర్తులుంటాయి. నిన్నటిదాకా టీ తాగి గుమ్మంలో కూర్చునే మనిషి మంచం దిగరు. ముద్ద నోట్లో పెట్టుకుని ఊరుకుంటారు. ఎన్నడూ లేనిది బాత్‌రూమ్‌లో పడిపోతారు, పక్క తడుపుతారు. ఊపిరి వేగంగా తీస్తుంటారు. అన్నిటికన్నా తికమక పెట్టేది ఇంకోటుంది. ఉన్నట్టుండి సోయి తప్పి మాట్లాడతారు. కొడుకును చనిపోయిన తమ్ముడి పేరుతో పిలుస్తారు, రాత్రంతా ఎవరో వచ్చారని లేస్తారు, పొద్దున మళ్లీ బాగానే ఉంటారు.

ఇక్కడే మన ఎర్రగడ్డ పేరు అడ్డం వస్తుంది. సినిమాల్లో ఎర్రగడ్డకు పంపాలి అనగానే హాలంతా నవ్వుతుంది. మానసిక చికిత్సాలయం ఉన్నందుకు ఈ పేటకు అంటిన పేరు అది. అక్కడికి వెళ్లడంలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, అదీ అన్నిటిలాంటి ఆసుపత్రే. కానీ ఆ జోకుల వల్ల రెండు నష్టాలు జరుగుతున్నాయి. ముసలాయన తేడాగా మాట్లాడగానే కొందరు మతి పోయింది, ఇంక చేసేదేం లేదు అని గదిలో పెట్టేస్తారు. ఇంకొందరు నేరుగా మానసిక వైద్యుని దగ్గరికే పరుగెత్తుతారు. ఆయన అసలు జబ్బు ఊపిరితిత్తుల్లో నిమ్మో, మూత్రంలో ఇన్‌ఫెక్షనో అయి ఉండవచ్చు. షుగర్ మందు వేసుకుని తిండి తినక షుగర్ పడిపోయి ఉండవచ్చు.

గుర్తుపెట్టుకోవాల్సిన తేడా ఇదీ. నెలలు, సంవత్సరాలు పట్టి మెల్లగా మతిమరుపు వస్తే అది ఒక దారి, తీరిగ్గా డాక్టరుకు చూపించవచ్చు. గంటల్లోనో, రెండు మూడు రోజుల్లోనో మనిషి మారిపోతే అది ఒంటి జబ్బు కింద లెక్కేసి అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి. అక్కడ డాక్టరుతో పిచ్చిగా మాట్లాడుతున్నాడు అనకండి. "మొన్నటిదాకా బాగున్నారు, నిన్నటి నుంచి ఇలా ఉన్నారు" అని చెప్పండి. ఆ ఒక్క వాక్యంతో డాక్టరు ఆలోచన సరైన దారిలో వెళుతుంది. మూతి ఒక పక్కకు పోయినా, చెయ్యి కాలు లేవకపోయినా అది పక్షవాతం కావచ్చు. ఆలోచించకుండా 108కి ఫోన్ చేయండి.

మోకాళ్ల నొప్పులకు పేరు లేని పొట్లాలు, సూదులు వేయించుకునేవాళ్లకు ఒక హెచ్చరిక. వాటిలో కొన్నింట్లో స్టెరాయిడ్ ఉంటుంది. వేసుకున్న రోజు ఒళ్లు తేలికై లేచి తిరుగుతారు. అదే మందు ఒంటి కాపలాను నిద్రపుచ్చుతుంది, వచ్చిన కాస్త జ్వరాన్నీ కప్పేస్తుంది. డాక్టరు రాసిచ్చిన స్టెరాయిడ్‌ను మాత్రం సొంతంగా ఉన్నట్టుండి ఆపకండి, అదీ ప్రమాదమే. మందు పేరు తెలియని పొట్లం మాత్రం ఎవరిచ్చినా వద్దు.

నివురు కింద నిప్పు

టీబీ క్రిమికి ఒక గుణం ఉంది. ఒంట్లోకి వచ్చాక అది వెంటనే జబ్బు చేయాలని లేదు. కాపలా కణాలు దాని చుట్టూ గోడ కట్టి బంధిస్తాయి. చావదు, కదలదు. అలా నలభై ఏళ్లయినా పడి ఉండగలదు. ప్రపంచ జనాభాలో దాదాపు నాలుగో వంతు మందికి ఈ క్రిమి సోకిందని అంచనా. వాళ్లలో నూటికి ఐదు నుంచి పది మందికే జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు జబ్బు బయటపడుతుంది. గోడ గట్టిగా ఉన్నంతకాలం భయం లేదు. వయసుతో కాపలా సన్నగిల్లినా, తిండి తగ్గినా, షుగర్ అదుపు తప్పినా, పొగ తాగినా గోడ బీటలు వారుతుంది. షుగర్ ఉన్నవాళ్లకు టీబీ వచ్చే అవకాశం రెండు మూడు రెట్లు ఎక్కువ. సనత్‌నగర్ కార్ఖానాల్లో, రాళ్ల పనిలో, సినిమా సెట్ల దగ్గర చెక్క, ప్లాస్టర్ దుమ్ములో ఏళ్ల తరబడి పని చేసినవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. రాతి ధూళి ఊపిరితిత్తుల్లో చేరినవాళ్లకు టీబీ ముప్పు మరీ ఎక్కువ.

చిన్నప్పుడే భుజం మీద టీకా వేశారు కదా, మచ్చ కూడా ఉంది కదా అని కొందరు అడుగుతారు. ఆ బీసీజీ టీకాకూ మన తెలుగు నేలకూ పాత సంబంధం ఉంది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915లో క్షయ ఆసుపత్రి వెలసింది. దేశంలో బీసీజీ పని 1948లో మొదలైన చోట్లలో మదనపల్లె ఒకటి. పసిపిల్లలకు వచ్చే ప్రాణాంతకమైన టీబీని ఆ టీకా బాగా ఆపుతుంది, అందుకే ఇప్పటికీ పుట్టగానే వేస్తారు. కానీ దాని బలం ఏళ్లు గడిచేకొద్దీ తగ్గిపోతుంది. అరవై ఏళ్ల మనిషికి భుజం మీద మచ్చ ఉందన్న ధైర్యం పనికిరాదు.

పెద్ద వయసు టీబీ కూడా గట్టిగా అరవదు. సినిమాల్లో చూపించినట్టు రుమాలులో రక్తం పడాలని లేదు. సాయంత్రం కాస్త వెచ్చబడడం, రాత్రి చెమట పట్టి బట్టలు తడవడం, రెండు వారాలు దాటినా పోని దగ్గు, తిండి మీద మనసు లేకపోవడం ఉంటాయి. బరువు చూసుకునే మిషను లేకపోయినా ఫరవాలేదు. గాజులు మోచేతి దాకా జారుతున్నా, రైక వదులైనా, బెల్టుకు కొత్త రంధ్రం వేయాల్సి వచ్చినా బరువు తగ్గినట్టే.

2019 నుంచి 2021 వరకు దేశమంతటా జరిగిన టీబీ సర్వేలో రెండు సంగతులు బయటపడ్డాయి. లక్షణాలు ఉన్నవాళ్లలో నూటికి 64 మంది అసలు ఏ వైద్యుని దగ్గరికీ పోలేదు. చాలామంది దాన్ని లెక్కలోకే తీసుకోలేదు. రెండోది, దొరికిన కేసుల్లో దాదాపు 43 శాతం ఛాతీ ఎక్స్‌రే తీయబట్టే దొరికాయి. కాబట్టి దగ్గు లేదు కదా అనుకోకుండా, బరువు తగ్గుతుంటే తెమడ పరీక్షతో పాటు ఎక్స్‌రే కూడా అడగండి.

టీబీ పరీక్షలు, మందులు ప్రభుత్వ ఆసుపత్రుల్లో పూర్తిగా ఉచితం. మామూలు టీబీకి ఆరు నెలల మందులు. నిక్షయ్ పోషణ్ యోజన కింద మందులు వాడినన్నాళ్లు తిండి కోసం డబ్బు బ్యాంకు ఖాతాలో పడుతుంది. ఇది మొదట నెలకు రూ.500 ఉండేది, 2024 నవంబరు 1 నుంచి రూ.1,000 చేశారు. ఆసరా పింఛను వస్తుంటే ఇది రాదేమో, ఇది తీసుకుంటే పింఛను కట్ చేస్తారేమో అని భయపడుతున్నారు కొందరు. రెండూ వేరు వేరు పథకాలు. టీబీ అని నమోదు చేయించుకున్నందుకు పింఛను ఆగదు.

దాచిపెడితే మాత్రం నష్టం మీ ఒక్కరికే కాదు. ఒకే గదిలో మనవళ్లతో పడుకునే ఇళ్లు మనవి. తాత దగ్గు మనవడి దాకా పోవడానికి ఎంతో సేపు పట్టదు. జబ్బు తేలితే ఇంట్లో అందరికీ పరీక్ష చేస్తారు, ఐదేళ్లలోపు పిల్లలకు జబ్బు లేకపోయినా రాకుండా ముందుగానే మందు ఇస్తారు. సరైన మందు మొదలుపెట్టి మానకుండా వాడితే, కొన్ని వారాల్లోనే చాలామంది నుంచి ఇతరులకు అంటుకోవడం ఆగిపోతుంది. గిన్నె, గ్లాసు వేరు చేయాల్సిన పని లేదు. టీబీ అంటుకునేది గాలి ద్వారా, గిన్నెల ద్వారా కాదు. కిటికీ తెరవడం, దగ్గేటప్పుడు నోటికి గుడ్డ అడ్డం పెట్టుకోవడం చాలు.

నిద్రపోయి లేచేది టీబీ ఒక్కటే కాదు. చిన్నప్పుడు అమ్మవారు పోసి తగ్గిన ఆటలమ్మ వైరస్ నరాల్లో దాక్కుని, పెద్ద వయసులో సర్పిగా లేస్తుంది. నడుముకో, ఛాతీకో ఒక పక్కన మంట, తర్వాత నీటి పొక్కుల వరస. పసర్లు, మంత్రాలతో రోజులు గడిపేయకండి. పొక్కులు లేచిన మూడు రోజుల్లోపు మందు మొదలుపెడితే బాగా పని చేస్తుంది. ఆలస్యమైతే పొక్కులు మానినా నొప్పి నెలల తరబడి వదలకపోవచ్చు. కంటి దగ్గర లేస్తే ఆ రోజే వెళ్లాలి, చూపు పోయే ప్రమాదం ఉంటుంది.

డబ్బాలో దొరకదు

కరోనా నుంచి ఇమ్యూనిటీ అనే మాట అమ్మని దుకాణం లేదు. ఇమ్యూనిటీ పౌడరు, ఇమ్యూనిటీ టీ, చివరికి బిస్కెట్లు కూడా. రోగనిరోధక శక్తి ట్యాంకు కాదు, డబ్బా తెచ్చి నింపడానికి. చిక్కిపోయిన థైమస్‌ను మళ్లీ పెంచే పౌడరు ఏదీ లేదు. రూ.2,016లో ఐదారు వందలు ఆ డబ్బాకు పోతే పప్పుకు, గుడ్లకు ఏం మిగులుతుంది? నా మటుకు నాకు ఇది పింఛను దోపిడీ లాగే కనిపిస్తుంది.

తిండికి ఉన్న బలం ఎంతో జార్ఖండ్‌లో లెక్క తేలింది. అక్కడ టీబీ రోగుల ఇళ్లలోని వాళ్లకు నెలకు మనిషికి 5 కిలోల బియ్యం, కిలోన్నర కందిపప్పు, విటమిన్ మాత్రలు ఇచ్చి చూశారు. 2023లో ఫలితాలు వచ్చాయి. అలా ఇచ్చిన ఇళ్లలో కొత్తగా ఊపిరితిత్తుల టీబీ రావడం దాదాపు సగానికి తగ్గింది. మందు కాదు, సూది కాదు, పప్పన్నం. మనకు 2025 ఉగాది నుంచి రేషన్‌లో మనిషికి 6 కిలోల సన్న బియ్యం వస్తున్నాయి. బియ్యం సరే, పప్పు సంగతి మనమే చూసుకోవాలి. చారు, పచ్చడితో అన్నం తిని కడుపు నిండిందనుకునే పెద్దవాళ్లు ఎక్కువ. కాపలా కణాలు తయారయ్యేది మాంసకృత్తులతో. రోజూ ఒక పూట పప్పు, ఒక గుడ్డు, కాస్త పెరుగు ఉండేలా చూసుకోండి. పళ్లు లేనివాళ్లు గుడ్డును మెదిపి అన్నంలో కలుపుకోవచ్చు. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లు మాత్రం డాక్టరును అడిగి తినాలి.

పెద్దవాళ్లకు పనికొచ్చే టీకాలు ముఖ్యంగా రెండు. ఫ్లూ టీకా ఏటా వేయించుకోవాలి, వైరస్ వేషం మారుస్తుంది కాబట్టి. నిమోనియా టీకా ఏటా అక్కర్లేదు. ఈ రెండూ పెద్దలకు ఉచితంగా వేసే జాతీయ జాబితాలో లేవు, బయట ఖరీదు ఎక్కువే. అందరూ కొనగలరని అనను. ఉబ్బసం, గుండె జబ్బు, షుగర్ ఉన్నవాళ్లయితే డాక్టరును అడిగి చూడండి. పండక్కి చీరో, చొక్కానో కొనిచ్చే పిల్లలను ఈసారి దాని బదులు టీకా వేయించమని అడిగినా తప్పేం లేదు.

ఎక్కడికి వెళ్లాలి

మొదట మీ బస్తీ దవాఖానకు వెళ్లండి. బీపీ, షుగర్ అక్కడే చూస్తారు, అవసరమైతే పెద్దాసుపత్రికి రాసిస్తారు. రెండు వారాల దగ్గు, ఆయాసం, బరువు తగ్గడం ఉంటే నేరుగా ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రి ఓపీకి పోవచ్చు. ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ నకలు, ఇప్పుడు వాడుతున్న మందులన్నీ ఒక సంచిలో వేసుకుని తీసుకెళ్లండి. చీటీ లేకపోతే ఖాళీ మందు స్ట్రిప్పులు చాలు. ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తే రాజీవ్ ఆరోగ్యశ్రీ కింద అర్హులైన కుటుంబానికి రూ.10 లక్షల వరకు వర్తిస్తుంది. టీబీ సందేహాలకు టోల్ ఫ్రీ నంబరు 1800 11 6666. ఒంటరిగా ఉండి, తోడు వచ్చేవాళ్లు లేకపోతే పెద్దల సహాయ నంబరు 14567కు ఫోన్ చేసి చెప్పండి.

తెమడ పరీక్షకు డబ్బా ఇచ్చినప్పుడు చాలామంది ఉమ్మి ఇచ్చి వస్తారు, దాంతో జబ్బు ఉన్నా తేలదు. పొద్దున లేవగానే, పళ్లు తోముకోకముందే, ఉత్త నీళ్లతో నోరు పుక్కిలించండి. రెండు మూడు సార్లు గట్టిగా ఊపిరి పీల్చి, లోపలి నుంచి దగ్గి, చిక్కగా వచ్చిన తెమడను డబ్బాలో వేయండి. నలుగురి మధ్య కాకుండా గాలి ఆడే చోట, ఆరుబయట చేయండి. మూత గట్టిగా పెట్టి అదే రోజు ఇవ్వండి.